మాన్యువల్లో ఉంది, సరే... చట్టంలో ఉందా?

మన ఉద్యోగ జీవితాల్లో "మాన్యువల్లో ఉంది" అన్న మాటకున్న బలం మరే మాటకూ ఉండేది కాదు. రెవెన్యూ వారికి బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు, ఖజానా వారికి ట్రెజరీ కోడు, ఇంజనీర్లకు వారి కోడు, పోలీసు వారికి వారి స్టాండింగ్ ఆర్డర్లు. పేరా నంబరు చూపిస్తే పై అధికారి మారు మాట్లాడడు, ఫైలు కదులుతుంది. ఆ పుస్తకాలు లేకపోతే ప్రభుత్వం ఒక్కరోజు నడవదన్న సంగతి మనకంటే బాగా తెలిసినవారు లేరు. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే మాన్యువల్లో ఉన్నంత మాత్రాన ఒక మనిషి ఇంటి తలుపు అర్ధరాత్రి తట్టవచ్చునా? ఈ ప్రశ్నతో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక సామాన్యుడు సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. ఆ కేసులో మన రాజమహేంద్రవరానికి చెందిన ఒక న్యాయమూర్తి మెజారిటీతో విభేదించి రాసిన తీర్పు నెగ్గడానికి యాభై అయిదేళ్ళు పట్టింది. ఆ చరిత్రను మన సభ్యుల ముందుంచాలని ఈ ప్రయత్నం.

ఆ సామాన్యుడి పేరు ఖడక్ సింగ్. 1941లో ఒక బందిపోటు కేసులో పోలీసులు ఆయనను పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలిపెట్టారు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. కాని స్టేషన్లో ఆయన పేర ఒక హిస్టరీ షీటు తెరిచారు. ఒకసారి తెరిచిన రిజిస్టరును మూయడం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు. ఆ షీటు ఉన్నందువల్ల ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లోని 236వ నిబంధన ఆయనకు వర్తించింది. దాని ప్రకారం ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా పెట్టవచ్చు. రాత్రివేళ ఇంటికి వెళ్ళి మనిషి ఉన్నాడో లేడో చూడవచ్చు. అలవాట్లు, స్నేహితులు, ఆదాయం, ఖర్చు, వృత్తి అన్నింటి మీదా ఎస్సై స్థాయికి తగ్గని అధికారి ఆరా తీయవచ్చు. ఊరు విడిచి ఎప్పుడు వెళ్ళాడో, ఎప్పుడు వచ్చాడో కానిస్టేబులూ చౌకీదారూ (మన తలారి వంటివాడు) పైకి తెలియజేయాలి. వేరే ఊరు వెళితే ఒక చీటీ ఆయనకంటే ముందు అక్కడి స్టేషనుకు చేరుతుంది.

రాత్రిళ్ళు కానిస్టేబుళ్ళు, చౌకీదారులు వచ్చి తలుపు బాదుతున్నారనీ, కేకలు వేసి నిద్ర లేపుతున్నారనీ, ఊరు దాటాలంటే ఎక్కడికి వెళుతున్నదీ చెప్పి వెళ్ళవలసి వస్తున్నదనీ ఆయన ఫిర్యాదు. నేరం రుజువు కాలేదు, శిక్ష పడలేదు, ఏ కోర్టూ ఏ షరతూ విధించలేదు. ఆయన రాజ్యాంగంలోని 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకే పిటిషను పెట్టుకున్నాడు.

ఆ పిటిషను ఎందుకంత చిక్కుగా మారిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 21వ అధికరణంలో ఒక చిన్న మాట ఉంది. చట్టం ఏర్పరచిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తి స్వేచ్ఛనూ హరించరాదని దాని భావం. మొదటి చిత్తుప్రతిలో ఉన్నది ఈ మాట కాదు, అమెరికా రాజ్యాంగంలోని "డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా". అంటే చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం న్యాయంగా ఉందో లేదో కూడా కోర్టు చూస్తుంది. 1947లో రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావు గారు అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొద్దిమంది న్యాయమూర్తులు ఆ మాట అడ్డం పెట్టుకుని కొట్టివేయగలరనీ, అది ప్రజాస్వామ్యానికి మంచిది కాదనీ ఆయన హెచ్చరించారు. తిరిగి వచ్చాక జపాన్ రాజ్యాంగం నుంచి "చట్టం ఏర్పరచిన పద్ధతి" అన్న మాట తెచ్చి పెట్టారు.

ఈ మార్పును గట్టిగా సమర్థించిన వారిలో ముసాయిదా సంఘ సభ్యుడు, నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు ఒకరు. ఆయన్ను తప్పు పట్టడం నేటివారికి తేలిక. కాని ఆ రోజుల్లో జమీందారీ రద్దు, భూసంస్కరణలు ముందున్నాయి. అమెరికా కోర్టులు కార్మిక చట్టాలను ఆ మాట పేరుతో ఎలా కొట్టివేశాయో వారికి తెలుసు. ఆ భయం ఉత్తది కాదు. రాజ్యాంగ సభలో మాత్రం చాలామంది సభ్యులు ఈ మార్పును వ్యతిరేకించారు. 1948 డిసెంబరులో చర్చ జరిగినప్పుడు అంబేద్కర్ గారు రెండు వైపులా ఉన్న కష్టాలు చెప్పి నిర్ణయం సభకే వదిలారు. ఆ మాట అలాగే నిలిచింది. పోయినదానికి కొంత పరిహారంగా 1949 సెప్టెంబరులో, నేటి 22వ అధికరణాన్ని ఆయనే ప్రవేశపెట్టారు. అరెస్టయిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి, కారణం చెప్పాలి, వకీలును పెట్టుకోనివ్వాలి. ఇవి ఆ విధంగా వచ్చినవే.

రాజ్యాంగం అమలులోకి వచ్చిన ఏడాదే 1950 మే 19న ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు, చట్టసభ చేసిన చట్టం ఉంటే చాలు, దాని మంచిచెడ్డలు మేము తూచము అన్నది. జస్టిస్ ఫజల్ అలీ ఒక్కరే కాదన్నారు. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తులు, సోదాల సందర్భంగా, గోప్యత అన్న హక్కు మన రాజ్యాంగంలో లేదన్నట్టు ఒక మాట అన్నారు. ఖడక్ సింగ్ వచ్చేనాటికి న్యాయశాస్త్రం ఈ స్థితిలో ఉంది.

1962 డిసెంబరు 18న ఆరుగురి ధర్మాసనం తీర్పు చెప్పింది. నలుగురి తరఫున జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ రాశారు. ఈ పోలీసు నిబంధనలకు ఏ చట్టమూ ఆధారం కాదనీ, అవి శాఖాపరమైన సూచనలు మాత్రమేననీ తేల్చారు. 21వ అధికరణం స్వేచ్ఛను హరించడానికి చట్టం ఉండాలంటున్నది, ఇక్కడ చట్టమే లేదు. కాబట్టి రాత్రివేళ ఇంటికి వెళ్ళడం చెల్లదని కొట్టివేశారు. మన పుస్తకాల బలం ఎంతో కోర్టు తూచింది ఇక్కడే. శాఖలోని మనిషిని కట్టడి చేయడానికి మాన్యువల్ చాలు. బయటి పౌరుడి స్వేచ్ఛను కట్టడి చేయడానికి చాలదు.

ఆ తీర్పులో వారు ఉదహరించిన అమెరికా న్యాయమూర్తి మరెవరో కాదు, నరసింగరావు గారికి సలహా ఇచ్చిన ఫ్రాంక్‌ఫర్టరే! చట్టం అండ లేకుండా పోలీసులు తమంత తాము తలుపు తట్టడం స్వేచ్ఛగల సమాజంలో కుదరదని ఆయన 1949లో ఒక కేసులో రాసిన మాటలు అవి. చరిత్రకు ఇలాంటి హాస్యం అలవాటే.

అయితే ఆ నలుగురూ అంతటితో ఆగిపోయారు. ఇంటి చుట్టూ కాపలా, ఆరాలు, రాకపోకల నమోదు, చీటీలు అన్నీ ఉండవచ్చునన్నారు. గోప్యత ప్రాథమిక హక్కు కాదనీ, ఒకరి కదలికలను గమనించినంత మాత్రాన హక్కు భంగం కాదనీ వారి భావం.

దీనికి ఒప్పుకోని ఇద్దరిలో జస్టిస్ జె.సి. షా ఒకరు. తీర్పు రాసినది జస్టిస్ కోకా సుబ్బారావు గారు. 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకుని, అక్కడి హైకోర్టు న్యాయమూర్తి అయి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయినవారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయన వేసిన ప్రశ్న చాలా తేలికైనది. పోలీసు చూపు వీపున గుచ్చుకుంటూ ఉండగా నడిచే నడక స్వేచ్ఛగా నడిచినట్టు ఎలా అవుతుంది? అలాంటివానికి దేశమంతా జైలే కదా! కాళ్ళకు గొలుసు లేకపోవడమే స్వేచ్ఛ కాదు, మనసు మీద ఒత్తిడి ఉన్నా స్వేచ్ఛకు భంగమేనన్నారు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో లేకపోయినా అది వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ, కనుక 236వ నిబంధన మొత్తం పోవలసిందేననీ రాశారు. నలుగురికి ఇద్దరు. ఓడిపోయిన తీర్పు.

అదే 1962 ప్రభుత్వోద్యోగులకు కూడా గుర్తుండవలసిన సంవత్సరం. బీహారు ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలో ఏ రకమైన ప్రదర్శనా చేయరాదన్న నిషేధాన్ని కామేశ్వర్ ప్రసాద్ కేసులో కోర్టు కొట్టివేసింది. ప్రభుత్వ గుర్తింపు లేని సంఘంలో ఉద్యోగి చేరరాదన్న కేంద్ర నియమాన్ని ఇ.ఎక్స్. జోసెఫ్ కేసులో కొట్టివేసింది. ఉద్యోగంలో చేరినంత మాత్రాన మనిషి పౌరుడు కాకుండా పోడని చెప్పిన తీర్పులు ఇవి. మన సంఘాల పుట్టుక వెనుక ఇలాంటి వ్యాజ్యాలు ఉన్నాయని నేటి యువ ఉద్యోగులు ఎందరికి తెలుసో!

సుబ్బారావు గారు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పదవిలో చివరి రోజుల్లో, 1967 ఏప్రిల్ 10న, ఆయన ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది. గోలక్‌నాథ్ తీర్పు మాటున పడి దీనిని ఎవరూ తలవరు. అప్పటివరకు పాస్‌పోర్టు ఇవ్వడానికి, వెనక్కి తీసుకోవడానికి ప్రత్యేక చట్టం లేదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. సత్వంత్ సింగ్ సాహ్ని అనే ఆయన కేసులో ముగ్గురికి ఇద్దరు మెజారిటీతో, విదేశాలకు వెళ్ళడం కూడా వ్యక్తి స్వేచ్ఛేననీ, చట్టం లేకుండా దాన్ని ఆపరాదనీ ఆయన తేల్చారు. మర్నాడే ఆయన రాష్ట్రపతి ఎన్నికలో పోటీకి దిగుతూ రాజీనామా చేశారు. ఆ ఎన్నికలో జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. న్యాయమూర్తి అలా రాజకీయాల్లోకి దిగడం ఆనాడే చాలామందికి నచ్చలేదు, నాకూ అంత సబబుగా తోచదు. అది అలా ఉంచితే, ఆ తీర్పు దెబ్బతో రెండు మూడు నెలల్లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. నేడు మనం అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళడానికి తీసుకునే పాస్‌పోర్టు ఆ చట్టం కిందిదే.

చట్టం ఉన్నా చాలదని దేశం నేర్చుకున్నది అత్యవసర పరిస్థితిలో. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ ప్రకటించారు. రెండు రోజులకు రాష్ట్రపతి ఉత్తర్వుతో 21వ అధికరణం కోసం కోర్టుకు వెళ్ళే హక్కు ఆగిపోయింది. విచారణ లేకుండా జైళ్ళలో ఉన్నవారి తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్లు వినవచ్చునని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. విచారణలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా, ఒక పోలీసు కేవలం సొంత కక్షతో ఒక మనిషిని చంపితే అప్పుడైనా దిక్కు ఉందా అని అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే జవాబు చెప్పారు. 1976 ఏప్రిల్ 28న ఎ.ఎన్. రే, బేగ్, వై.వి. చంద్రచూడ్, భగవతి గార్లు ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పారు. ఖన్నా గారు ఒక్కరే కాదన్నారు. దాని ధర ఆయన చెల్లించారు. 1977 జనవరిలో ఆయన్ను దాటవేసి బేగ్ గారిని ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా చేసి వెళ్ళిపోయారు.

సుబ్బారావు గారు 1976 మే 6న కన్నుమూశారు. ఆ తీర్పు వచ్చి వారం దాటి ఒక్క రోజు.

జనతా ప్రభుత్వం వచ్చాక 44వ సవరణతో, ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాల అమలును ఆపడానికి వీలులేదని రాజ్యాంగంలోనే రాశారు. ఈలోగా మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసు వచ్చింది. 1977 జూలైలో "ప్రజాప్రయోజనం" అన్న ఒక్క మాటతో ఆమె పాస్‌పోర్టు స్వాధీనం చేయమన్నారు, కారణాలు అడిగితే చెప్పమన్నారు. ఇక్కడ చట్టం ఉంది, సెక్షను ఉంది. 1978 జనవరి 25న ఏడుగురి ధర్మాసనం, చట్టంలో ఉన్న పద్ధతి న్యాయంగా, సహేతుకంగా కూడా ఉండాలని చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందట ముందు గుమ్మం నుంచి పంపించేసిన డ్యూ ప్రాసెస్ ఈ విధంగా పెరటి తలుపు గుండా ఇంట్లోకి వచ్చింది. ఆ ఏడుగురిలో బేగ్, చంద్రచూడ్, భగవతి గార్లు ముగ్గురూ ఉన్నారు. మనుషులు మారరనుకోవడానికి వీల్లేదు. పింఛను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న మన నకారా కేసులో చెప్పిన ధర్మాసనానికి అధ్యక్షుడు కూడా ఆ వై.వి. చంద్రచూడ్ గారే.

హిస్టరీ షీట్ల సంగతి మళ్ళీ మన హైకోర్టు నుంచి వెళ్ళిన న్యాయమూర్తి చేతికే వచ్చింది. 1980లో పంజాబుకు చెందిన మలక్ సింగ్ కేసులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు, నిఘా పూర్తిగా కూడదనలేదు గాని, తగిన కారణం లేకుండా పేరు ఎక్కించరాదనీ, నిఘా పేరుతో మనిషి పరువును, ఇంటి ప్రశాంతతను చెరపరాదనీ హద్దు గీశారు. 1983లో ఆయనే ఇచ్చిన మరో తీర్పు మనకు ఇంకా దగ్గరిది. మధ్యప్రదేశ్‌లో ఒక మునిసిపల్ పాఠశాలను ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఒక ఉపాధ్యాయుడు సర్కారు ఉద్యోగి అయ్యాడు. లోగడ ఫలానా రాజకీయ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసు రిపోర్టు రాగానే తొలగించారు. పాత రాజకీయ అభిప్రాయాలను బట్టి ఉద్యోగం తీయడం రాజ్యాంగానికి విరుద్ధమని ఆయన తీవ్రంగా మందలించారు. ఆ ఉపాధ్యాయుడి రాజకీయాలు వేరు, చిన్నప్పరెడ్డి గారి ఆలోచనలు వేరు. తీర్పు విలువ అక్కడే ఉంది.

హైదరాబాదు నుంచి వెళ్ళిన కేసు మరొకటి. 1986లో మన రాష్ట్రం స్టాంపుల చట్టంలో 73వ సెక్షనును సవరించి, కలెక్టరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకుల్లోకి గాని, ఇళ్ళలోకి గాని వెళ్ళి దస్తావేజులు చూడవచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు అన్నది. స్టాంపు డ్యూటీ ఎగవేతను పట్టుకోవలసిందే, అందులో సందేహం లేదు. కాని ఎవరిని, ఏ కారణంతో, ఎంతవరకు అన్న కట్టడి ఏదీ అందులో లేదు. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2004 నవంబరులో కెనరా బ్యాంకు కేసుగా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మన కాగితం బ్యాంకువాడి చేతికి ఇచ్చినంత మాత్రాన దాని గుట్టు పోదన్నది ఆ తీర్పులోని సారాంశం.

ఇక చివరి అంకం ఒక పింఛనుదారుది. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు 2012లో, 86 ఏళ్ళ వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టులో పిటిషను వేశారు. ఆ వయసులో మనలో చాలామందికి బ్యాంకు దాకా వెళ్ళడమే పెద్ద పని. వేలిముద్రలు, కనుపాపల గుర్తులు ఇంతమంది దగ్గర తీసుకునే సంస్థ 2009 జనవరి 28 నాటి ఒక ప్రభుత్వ నోటిఫికేషనుతో ఏర్పడింది. 2010లో పార్లమెంటులో పెట్టిన బిల్లు ఇంకా చట్టం కాలేదు. మళ్ళీ అదే ప్రశ్న: ఉత్తర్వు ఉంది, చట్టమేది? చట్టం 2016లో గాని రాలేదు.

2015లో ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్, ఎం.పి. శర్మ, ఖడక్ సింగ్ తీర్పులు ఉండగా గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని వాదించారు. కృష్ణా జిల్లా పెదముత్తేవికి చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారి ధర్మాసనం ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు, ఒక్కరైనా భేదించకుండా, గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఖడక్ సింగ్ కేసులో మెజారిటీవారు తలుపు తట్టడం తప్పన్నదీ గోప్యతను బట్టే, మళ్ళీ గోప్యత లేదన్నదీ వారే, ఈ రెండూ పొసగవని ఎత్తిచూపి ఆ భాగాన్ని రద్దు చేశారు. సుబ్బారావు గారి తీర్పు ఆ రోజు చట్టమైంది. 1976 నాటి ఎమర్జెన్సీ తీర్పును కూడా ఆ రోజే రద్దు చేశారు. ఆ మాట రాసినవారు డి.వై. చంద్రచూడ్ గారు, తండ్రి భాగస్వామిగా ఉన్న తీర్పు మీద.

అంతా విజయమే అనుకోరాదు. 2018 సెప్టెంబరులో ఆధార్ చట్టాన్ని నలుగురికి ఒకరు మెజారిటీతో సమర్థించారు. బ్యాంకు ఖాతాకు, సెల్‌ఫోనుకు తప్పనిసరి చేయడం మాత్రం చెల్లదన్నారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కాని దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో తన సంస్థలను ఒక నోటిఫికేషనుతో ఆ చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. పుట్టస్వామి గారు 2024 అక్టోబరులో 98వ ఏట మరణించారు.

ఖడక్ సింగ్ ప్రశ్న మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు రౌడీషీట్ల కేసు వచ్చింది. రాత్రివేళ ఇళ్ళకు వెళ్ళడం, స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టడం, ఫొటోలు వేలిముద్రలు తీసుకోవడం అన్నింటికీ పోలీసులు చూపిన ఆధారం పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు. వాటికి చట్టబలం లేదు, అవి శాఖాపరమైన సూచనలు మాత్రమేనని ఏకసభ్య ధర్మాసనం తీర్పు చెప్పింది. ఈ హైకోర్టు ఉన్నది గుంటూరు జిల్లా నేలపాడులో. సుబ్బారావు గారు 1954లో ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్న గుంటూరు అక్కడికి ఎంతో దూరం లేదు.